పోలియో పోయింది, బాబాయి ఉన్నాడు

మా బాబాయిది ఓ ప్రత్యేకమైన నడక. కుడి అరచెయ్యి మోకాలి పైన ఆనించి, అడుగు పడ్డప్పుడల్లా ఆ మోకాలిని వెనక్కి నొక్కుతూ, ఒళ్ళంతా ఒక పక్కకి వంచి నడుస్తాడు. చిన్నప్పుడు నేను అదేదో స్టైలనుకుని అద్దం ముందు ప్రాక్టీసు చేస్తుంటే నాన్న చూసి వీపు విమానం మోత మోగించాడు. బాబాయి మాత్రం నవ్వేసి, "ఒరేయ్, చెయ్యి అంత పైన పెడితే పడతావురా, ఇంకాస్త కిందకి పెట్టు" అని కరెక్షన్ చెప్పాడు :)

1973లో ఆయనకి రెండేళ్ళప్పుడు జ్వరమొచ్చిందట. ఆర్‌ఎంపీ సూది వేశాడట. మూడో రోజుకి కుడి కాలు చచ్చుపడిపోయింది. మా ఊళ్ళో ఇప్పటికీ "సూది వికటించింది" అనే చెప్పుకుంటారు. నేను చాలాకాలం అది ఊరివాళ్ళ అమాయకత్వం అనుకునేవాణ్ణి. కాదట. ఒంట్లో పోలియో వైరస్ తిరుగుతున్న రోజుల్లో కండకి ఇంజక్షన్ వేస్తే, సూది పడ్డ కాలో చెయ్యో పడిపోయే ప్రమాదం పెరుగుతుందని 1950 ప్రాంతంలోనే ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ డాక్టర్లు గమనించారు. దానికి ప్రొవొకేషన్ పోలియో అని పేరు కూడా ఉంది. అంటే మా నానమ్మ పోయేదాకా ఆ ఆర్‌ఎంపీని తిట్టిన తిట్లలో కొంత సైన్సు ఉందన్నమాట.

నిజానికి ఈ టపా బాబాయి గురించి కాదు. ఫిజియోథెరపీ అనే చదువు ఎక్కణ్ణించి వచ్చిందన్నది నా గొడవ. కానీ బాబాయి లేకపోతే నాకా గొడవ పట్టేదే కాదు కాబట్టి ఆయనతోనే మొదలుపెట్టాలి.

బాబాయి ఒకప్పుడు ఎస్టీడీ బూత్ నడిపేవాడు (వికలాంగుల కోటాలో వచ్చింది). సెల్‌ఫోన్లొచ్చి బూత్ మూతపడ్డాక దాన్నే జిరాక్స్ షాపుగా మార్చాడు. పక్క చక్రాలున్న స్కూటర్ మీద ఊరంతా తిరిగేవాడు. యాభై ఏళ్ళు ఇలాగే గడిచిపోయాయి. రెండేళ్ళ కిందట మొదలైంది తిరకాసు. షాపుకి మూడంటే మూడు మెట్లు. అవి ఎక్కలేకపోతున్నాడు. మధ్యాహ్నానికల్లా ఒళ్ళు వదిలేసినట్టు అయిపోతోంది. విచిత్రమేమిటంటే ఎడమ కాలు, అదే "మంచి కాలు", అది కూడా వణుకుతోంది. "వయసురా" అన్నాడు. యాభై నాలుగేళ్ళకేం వయసు? పట్టుబట్టి హైదరాబాద్ తీసుకొచ్చాను.

మా అపార్టుమెంటుకి దగ్గర్లోనే ఒక రీహాబ్ క్లినిక్ ఉంది. అద్దాల తలుపులు, ఏసీ, గోడ మీద సర్వీసుల పట్టిక: నడుం, మెడ, స్పోర్ట్స్ గాయాలు, పక్షవాతం, పిల్లల థెరపీ. మనవాళ్ళు సగం మంది మెడ పట్టుకుని అక్కడే కనబడతారు (నేనూ వెళ్ళాను, ల్యాప్‌టాప్ పుణ్యమా అని). అక్కడి కుర్రాడు నాకన్నా రెండు మూడేళ్ళు చిన్నే ఉంటాడు. చాలా మర్యాదస్తుడు. బాబాయిని చూసి, "కండరాలు వీక్ అయిపోయాయి అంకుల్, స్ట్రెంత్ పెంచాలి" అన్నాడు. చీలమండకి బరువులు కట్టి కాలు ఎత్తించాడు, సైకిల్ తొక్కించాడు. బాబాయి అసలే క్రమశిక్షణ మనిషి. ఇంటికొచ్చి రాత్రి మళ్ళీ రెండు సెట్లు ఎక్కువే చేసేవాడు. పదో రోజుకి బాత్రూంలోంచి లేవలేకపోయాడు. కుర్రాణ్ణి అడిగితే, "మొదట్లో మామూలే అంకుల్, ఇంకొంచెం పుష్ చెయ్యాలి" అన్నాడు. మూడో వారానికి బాబాయి కుర్చీలోంచి లేవాలంటే నేను చెయ్యందించాల్సి వచ్చింది. వచ్చినప్పుడు నడిచొచ్చిన మనిషి!

ఆఫీసులో ఒక కొలీగ్ చెబితే ఇంకో చోటికి తీసుకెళ్ళాను. మేడ మీద రెండు గదులు, బోర్డు కూడా సరిగ్గా కనబడదు. అక్కడున్న మేడంకి అరవై దాకా ఉంటాయి. బాబాయి చెయ్యి ఆనించి నడిచే తీరు గుమ్మంలోంచే చూసి, "ఏ సంవత్సరంలో వచ్చిందండీ?" అని అడిగింది. ఏమొచ్చింది అని అడగలేదు, గమనించండి. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి, ఒక్కో కండరాన్నీ తన చేత్తో అదిమి పెట్టి, "ఇప్పుడు ఎత్తండి... ఇప్పుడు నన్ను నెట్టండి" అంటూ కాయితం మీద మార్కులు వేసుకుంటూ పోయింది. 2, 3, 4... ముప్పావుగంట పట్టింది. అంతా అయ్యాక రెండు మాటలు చెప్పింది. ఒకటి, ఆ బరువులు ఈ క్షణం నుంచీ ఆపెయ్యండి. రెండు, "మీ మంచి కాలు కూడా అంత మంచిదేం కాదండీ. దానికీ అప్పుడే పోలియో తగిలింది, కాస్త తక్కువగా."

బాబాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. యాభై ఏళ్ళకి పైగా ఆ కాలి మీదే కదా నిలబడ్డాడు.

బయటికొచ్చేటప్పుడు నేను ఆ మొదటి క్లినిక్ గురించి ఏదో కోపంగా అన్నాను. ఆవిడ, "వాళ్ళనేమీ అనకండి. ఇప్పటి పిల్లలకి చూపిద్దామన్నా పోలియో కేసు దొరకదు. మా చదువు ఈ దేశంలోకి వచ్చిందే పోలియో కోసం, తెలుసా?" అంది. తెలీదు. ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టాను. అదిగో, ఆ చదివిందే ఇదంతా.

మామూలుగా ఫిజియోథెరపీ చరిత్రని స్వీడన్ నుంచి మొదలుపెడతారు. 1813లో పెర్ హెన్రిక్ లింగ్ అనే కత్తిసాము మాస్టారు స్టాక్‌హోంలో ఒక వ్యాయామ విద్యాలయం పెట్టాడు. సైనికులకి కసరత్తు, రోగులకి వైద్య కసరత్తు రెండూ నేర్పేవారు. తర్వాత లండన్‌లో 1894లో నలుగురు నర్సులు కలిసి మసాజ్ చేసేవాళ్ళకి ఒక సంఘం పెట్టుకున్నారు. ఎందుకంటే అప్పట్లో "మసాజ్ ఇళ్ళు" అంటే వ్యభిచార గృహాలకి ముసుగు పేరు. దాని మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్ అదే ఏడు దుమారం లేపింది. మేం అలాంటివాళ్ళం కాదు బాబోయ్ అని నిరూపించుకోడానికి వాళ్ళు పెట్టుకున్న నియమాలు చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. డాక్టరు చెప్పందే ఎవరికీ మసాజ్ చెయ్యకూడదు, మగ రోగుల జోలికి మామూలుగా వెళ్ళనే కూడదు, ఇలా. ఆ సంఘమే 1920లో రాజముద్ర సంపాదించి, 1944లో ఫిజియోథెరపీ అన్న పేరు పెట్టుకుంది. డాక్టరు చీటీ లేకుండా చెయ్యి వెయ్యకూడదన్న ఆ భయం మాత్రం ఈ వృత్తిని చాలాకాలం వదల్లేదు.

ఇదంతా పుట్టుక. పెంచింది మాత్రం రెండే: యుద్ధాలు, పోలియో. మొదటి ప్రపంచయుద్ధం గురించి అందరూ రాస్తారు కాబట్టి దాన్ని దాటేసి పోలియో దగ్గరికొస్తాను.

పోలియో మరీ పాత జబ్బే కానీ, ఊళ్ళకి ఊళ్ళని చుట్టేసే మహమ్మారిగా మారింది 19వ శతాబ్దం చివరి నుంచే. దీనికి కారణం తమాషాగా ఉంటుంది. శుభ్రత లేనప్పుడు పిల్లలకి పసితనంలోనే, తల్లి నుంచి వచ్చిన రక్షణ ఇంకా ఒంట్లో ఉండగానే, ఈ వైరస్ సోకిపోయేది. చాలామందికి తెలియకుండానే పోయేది. నీళ్ళూ మరుగుదొడ్లూ బాగుపడ్డాక పిల్లలు కాస్త పెద్దయ్యాక సోకడం మొదలైంది, అప్పుడు దెబ్బ గట్టిగా తగిలింది. 1916లో అమెరికాలో దాదాపు 27 వేల మందికి వచ్చింది, 6 వేల మంది పోయారు. ఒక్క న్యూయార్క్ నగరంలోనే 2 వేలకి పైగా చావులు.

చచ్చిపోయినవాళ్ళు పోగా బతికినవాళ్ళ సంగతేంటి? ఇక్కడే ఫిజియోథెరపీకి పని పడింది. బోస్టన్‌లో రాబర్ట్ లోవెట్ అనే ఎముకల డాక్టరు, ఆయన దగ్గర పనిచేసే విల్హెల్మిన్ రైట్ అనే ఆవిడ, ఒక పద్ధతి తయారుచేశారు. పోలియో కాలుని "పడిపోయింది" అని ఒక్క మాటలో తేల్చెయ్యకుండా, ఏ కండరం ఎంత పనిచేస్తోందో విడివిడిగా చేత్తో పరీక్షించి గ్రేడ్లు ఇవ్వడం. అస్సలు కదలకపోతే సున్నా. కదలిక ఛాయలాగా తెలిస్తే ఒకటి. కాలి బరువు లేకుండా పక్కకి జరపగలిగితే రెండు. భూమ్యాకర్షణకి ఎదురుగా ఎత్తగలిగితే మూడు. అవతలి మనిషి నొక్కుతున్నా నిలబడితే నాలుగు, అయిదు. (ఈ సున్నా నుంచి అయిదు అంకెలు బ్రిటన్‌లో రెండో యుద్ధ కాలంలో స్థిరపడ్డాయి, అంతకుముందు మాటల్లో రాసేవారు.) మేడం బాబాయికి వేసిన మార్కులు ఇవే! వందేళ్ళ కిందట పోలియో పిల్లల కోసం పుట్టిన ఈ పద్ధతినే ఇవాళ పక్షవాతానికీ, డిస్క్ జారిన మన సాఫ్ట్‌వేర్ నడుములకీ కూడా వాడుతున్నారు. మీ కాలి బొటనవేలు పట్టుకుని "పైకి లేపండి" అని నొక్కి చూస్తారే, అదే ఇది.

1921లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి, 39 ఏళ్ళ వయసులో, కాళ్ళు పడిపోతే పోలియో అని తేల్చింది కూడా ఈ లోవెట్టే. రూజ్‌వెల్ట్ 1924లో జార్జియా రాష్ట్రంలో వామ్ స్ప్రింగ్స్ అనే ఊళ్ళో వేడినీటి బుగ్గల్లో ఈదడం మొదలుపెట్టి, 1926లో ఆ చోటు మొత్తం కొనేసి, పోలియో రోగుల కేంద్రంగా మార్చాడు. ఈ ఊరి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంతా చేసి, 1930ల దాకా పెద్ద పెద్ద డాక్టర్ల అసలు మందు ఏమిటో తెలుసా? కదలకుండా కట్టి పడెయ్యడం. పడిపోయిన కండరాన్ని ఎదురు కండరం లాగేస్తే కాలు వంకరపోతుందని భయం. అందుకని పిల్లల్ని ప్లాస్టర్లలో, ఇనప చట్రాల్లో నెలల తరబడి బిగించేవారు. వాదం వినడానికి బాగానే ఉంది. విప్పాక చూస్తే కండరాలు ఎండిపోయి, కీళ్ళు బిగుసుకుపోయి ఉండేవి.

దీన్ని ఎదిరించింది ఎలిజబెత్ కెనీ అనే ఆస్ట్రేలియా ఆవిడ. డాక్టరు కాదు. పద్ధతిగా చదువుకున్న నర్సు కూడా కాదు. 1911లో క్వీన్స్‌లాండ్‌లో ఒక పల్లె ఇంట్లో నొప్పితో మెలికలు తిరుగుతున్న పిల్లని చూసి, దూరంగా ఉన్న డాక్టరుకి టెలిగ్రాం కొట్టింది. దీనికి మందు లేదు, నీకు తోచింది చెయ్యి అన్నట్టు జవాబొచ్చింది. తోచింది చేసింది. ఉన్ని గుడ్డ ముక్కలు వేడినీళ్ళలో ముంచి, పిండి, నొప్పిగా బిగుసుకున్న కండరాల మీద పరిచింది. నొప్పి తగ్గాక మెల్లగా కాలు కదిపించింది. ఆవిడ తరవాతి జీవితమంతా ఈ రెండు ముక్కల్నే పట్టుకుని డాక్టర్లతో కొట్లాట. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం వేసిన కమిషన్ 1938లో ఆవిడ పద్ధతిని చెత్తబుట్టలో వేసింది. 1940లో అమెరికా వెళ్ళింది. మినియాపొలిస్‌లో డాక్టర్లు కొందరు చేసి చూడమన్నారు. 1942 డిసెంబరులో ఆవిడ పేరుతో అక్కడ ఒక సంస్థే వెలిసింది. 1946కి హాలీవుడ్ వాళ్ళు సినిమా తీశారు. 1951లో అమెరికన్లు ఎక్కువగా అభిమానించే మహిళ ఎవరని గ్యాలప్ వాళ్ళు సర్వే చేస్తే ఎలినార్ రూజ్‌వెల్ట్‌ని కూడా దాటేసింది. ఏడాది తిరక్కుండా, 1952 నవంబరులో పోయింది.

అన్నట్టు, కెనీ చెప్పిన సిద్ధాంతం తప్పు. పోలియోలో అసలు దెబ్బ కండరానికే తగులుతుందని వాదించేది, నిజానికి దెబ్బ తగిలేది వెన్నుపాములోని నాడీకణాలకి. ఆవిడ చెప్పుకున్నంత శాతం మందికీ నయం కాలేదు. పైగా మహా నోటి దురుసు మనిషి. కానీ ప్లాస్టర్లు విప్పించింది. మన ప్రొడక్షన్లో కూడా చూస్తుంటాం కదా, ఎందుకు పనిచేస్తోందో చెప్పిన కారణం పూర్తిగా తప్పు, ఫిక్స్ మాత్రం కరెక్ట్. అలాంటిదే ఇదీ.

ఇది చదువుతున్నప్పుడు నాకు నానమ్మ గుర్తొచ్చింది. ఆవిడ కూడా కాపడం పెట్టింది, నువ్వుల నూనెతో మర్దన చేసింది, రోజూ, ఏళ్ళ తరబడి. అంటే కెనీ వైద్యంలో మొదటి సగం మా ఇంట్లో జరిగిపోయింది. రెండో సగం చెప్పేవాళ్ళు లేరు. కాలు నిటారుగా సాగదియ్యడం, మోకాలు వంచి పడుకోబెట్టకపోవడం, ఏ కండరం బతికుందో వెతికి దాన్ని నడిపించడం. నానమ్మ పిల్లాణ్ణి చంకన వేసుకునే తిరిగింది, పాపం, కింద దింపితే ఏమవుతాడోనని. మేడం అన్నదేంటంటే: తొడ కండరం చచ్చిపోవడం వైరస్ చేసిన పని, దానికెవరూ ఏమీ చెయ్యలేరు. మోకాలు పూర్తిగా చాపుకోకుండా వంగి బిగుసుకుపోవడం మాత్రం ఆ తర్వాతి రెండు మూడేళ్ళలో జరిగింది. అది చాలామటుకు ఆపగలిగేదే. ఈ మాట బాబాయికి నేను చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు.

మరి మన దేశంలో ఆ రెండో సగం తెలిసినవాళ్ళు అప్పటికి లేరా అంటే, ఉన్నారు, గుప్పెడు మంది. 1940ల్లో బొంబాయిలో ఫాతిమా ఇస్మాయిల్ అనే ఆవిడ కూతురికి పోలియో వచ్చింది. వైద్యం కోసం వెతుక్కుంటూ మద్రాసులో డాక్టర్ కిని దగ్గరికి తీసుకొచ్చింది. కూతురు కోలుకోవడం చూశాక ఊరుకోలేదు, 1947లో బొంబాయిలో పోలియో పిల్లల కోసం క్లినిక్ పెట్టించింది. ఒక తల్లి తన సొంత గొడవని పదిమంది గొడవగా మార్చిన కథ ఇది. 1958లో పద్మశ్రీ ఇచ్చారు. మనకి మాత్రం ఆవిడ పేరు ఏ పాఠంలోనూ కనబడలేదు.

తర్వాత 1952లో బొంబాయిలో పోలియో విరుచుకుపడింది. ఆస్పత్రుల నిండా కాళ్ళు పడిపోయిన పిల్లలు, వాళ్ళతో కసరత్తు చేయించే మనుషులు లేరు. అప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో, ప్రభుత్వమూ బొంబాయి మునిసిపాలిటీ కలిసి, 1953లో కేఈఎం ఆస్పత్రిలో ఫిజియోథెరపీ స్కూలు తెరిచారు. దేశంలో అదే మొదటిది. అక్కణ్ణించి బయటికొచ్చినవాళ్ళే మిగతా చోట్లకి వెళ్ళి నేర్పారు. 1955లో ఫిజియోథెరపిస్టుల సంఘం ఏర్పడింది. మేడం అన్నది నిజమే. ఈ రోజు మన మెడకి ట్రాక్షన్ పెట్టే ప్రతి క్లినిక్ వంశవృక్షం పైకి పాక్కుంటూ పోతే ఆ బొంబాయి పిల్లల దగ్గరికి చేరుతుంది.

సరిగ్గా ఆ 1955లోనే, ఏప్రిల్ 12న, అమెరికాలో జోనాస్ సాల్క్ వ్యాక్సిన్ పనిచేస్తోందని ప్రకటించారు. కొన్నేళ్ళలోనే అక్కడ పోలియో వార్డులు ఖాళీ. ఇక్కడ? వ్యాక్సిన్ వచ్చిన 18 ఏళ్ళ తర్వాత మా బాబాయికి పోలియో వచ్చింది. మన పల్స్ పోలియో మొదలైంది 1995లో. చివరి కేసు 2011 జనవరి 13న, పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో. 2014 మార్చి 27న పోలియో లేని దేశంగా ధ్రువపత్రం. ఆ విజయం చిన్నదని అనను, ఎండలో ఐస్‌బాక్స్ మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగిన ఆశా అక్కలకీ అంగన్‌వాడీ టీచర్లకీ దండం పెట్టాల్సిందే. కానీ 1955కీ 2011కీ మధ్య 56 ఏళ్ళుంది. ఆ 56 ఏళ్ళలో పడిపోయిన కాళ్ళన్నీ ఇంకా మన మధ్యే నడుస్తున్నాయి.

మన వైపు ఆ కాళ్ళని పట్టించుకున్నవాళ్ళు లేకపోలేదు. విశాఖపట్నంలో డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావు గారు ఊరూరా క్యాంపులు పెట్టి పోలియో ఆపరేషన్లు చేశారు, బిగుసుకున్న మోకాళ్ళు సాగదీశారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. మా బాబాయిని కూడా పదిహేనేళ్ళప్పుడు ఒక క్యాంపుకి తీసుకెళ్ళారట. ఆపరేషన్ చేస్తాం, తర్వాత నెలల తరబడి ప్లాస్టరూ కసరత్తూ ఉంటాయి, పక్కన మనిషుండాలి అన్నారట. అది మిరప కోతల కాలం. తాతయ్య మళ్ళీ ఏడాది చూద్దాం అన్నాడు. ఓ ఇనప క్యాలిపర్, తోలు బూటు మాత్రం ఇచ్చి పంపారు. బాబాయి దాన్ని రెండు నెలలు వేసుకుని, స్కూల్లో టకటకమని చప్పుడవుతోందని, పిల్లలు నవ్వుతున్నారని చెరువులో పారేశాడు. చేత్తో మోకాలు నొక్కే ఆ నడక అప్పుడు ఖాయమైంది.

ఇక అసలు తిరకాసుకి వద్దాం. వైరస్ పోయి యాభై ఏళ్ళయ్యాక కాలు మళ్ళీ ఎందుకు బలహీనపడింది? ఇది 1875లోనే ఫ్రాన్స్‌లో ఒక డాక్టర్ రాసిపెట్టాడు: చిన్నప్పుడు పోలియో వచ్చిన ఓ తోళ్ళ కార్మికుడికి, బాగా ఉన్న పక్కే కొత్తగా బలం తగ్గింది. రాశాక వందేళ్ళు ఎవరికీ పట్టలేదు. 1940ల్లో, 50ల్లో అమెరికాలో పోలియో వచ్చిన పిల్లలు నడివయసుకొచ్చి, ఒక్కొక్కళ్ళే "నాకు మళ్ళీ కాళ్ళు వదిలేస్తున్నాయి" అని డాక్టర్ల దగ్గరికి పోతే, అంతా మీ భ్రమ అన్నారు. చివరికి 1984లో ఒక సదస్సు పెట్టి దీని మీద గట్టిగా చర్చించారు. ఎక్కడనుకున్నారు? అదే వామ్ స్ప్రింగ్స్‌లో. పోస్ట్ పోలియో సిండ్రోం అని పేరు స్థిరపడింది.

ఇందులో జరిగేది మన భాషలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. వెన్నుపాములో ఒక్కో నాడీకణం కొన్ని కండర పోగుల్ని నడిపిస్తుంది. సర్వర్లనుకోండి. పోలియో వచ్చి సగం సర్వర్లని కూల్చేసింది. మిగిలినవి కొత్త కొమ్మలు వేసి, అనాథలైన పోగుల్ని కూడా తమకి కలుపుకున్నాయి. అందుకే మొదటి రెండేళ్ళలో పోలియో పిల్లలకి కొంత బలం తిరిగొస్తుంది. కానీ ఒక్కో సర్వరు దాని కెపాసిటీకి కొన్ని రెట్ల లోడు మోస్తోంది, అదీ దశాబ్దాల పాటు, డౌన్‌టైం లేకుండా. ఒక వయసొచ్చాక ఆ అదనపు కొమ్మలు రాలిపోవడం మొదలవుతుంది. ఇప్పుడు దాని మీద స్ట్రెస్ టెస్ట్ నడిపితే ఏమవుతుంది? చీలమండకి బరువులు కట్టి పుష్ చెయ్యమంటే ఏమవుతుంది? మూడు వారాల్లో మాకు జరిగింది అదే.

అంటే వాడిపోయిన కండరం వేరు, అలిసిపోయిన నాడి వేరు. బయటికి రెండూ "వీక్‌నెస్" లాగే కనబడతాయి. మొదటిదానికి కసరత్తు మందు. రెండోదానికి ఎక్కువ కసరత్తు విషం. పోస్ట్ పోలియో గురించి ఆ కుర్రాడి పుస్తకంలో ఒక పేరా ఉండే ఉంటుంది, పరీక్షకి ముందు రోజు చదివే ఉంటాడు. కానీ 2011 తర్వాత కాలేజీలో చేరినవాడు, కొత్త పోలియో కేసు జీవితంలో చూడలేదు, చూడడు. తెలిసినవాళ్ళు రిటైరైపోతున్నారు. ఏ జబ్బు కోసం ఈ విద్య మన దేశానికొచ్చిందో, ఆ జబ్బు మనుషులు ముసలివాళ్ళవుతున్న సమయానికి దాన్ని చేత్తో పట్టుకుని గుర్తుపట్టేవాళ్ళు అయిపోతున్నారు. కోబాల్ రాసినవాళ్ళు వెళ్ళిపోయారు, బ్యాంకులు మాత్రం ఇంకా దాని మీదే నడుస్తున్నాయి అని మనం జోకులేసుకుంటాం చూడండి. ఆ జోకు ఇక్కడ అంత నవ్వు రాదు. 2021లో ఫిజియోథెరపీ లాంటి వృత్తులకి జాతీయ కమిషన్ చట్టం చేశారు, మంచిదే, రిజిస్టర్లూ ప్రమాణాలూ వస్తాయి. మేడం చేతివేళ్ళకి తెలిసినది ఏ రిజిస్టర్లో ఎక్కుతుందో మరి.

బాబాయికి ఇప్పుడు జరుగుతున్న వైద్యం చూస్తే వైద్యంలా ఉండదు. పది నిమిషాలు చేతి కసరత్తు, మధ్యమధ్యలో విశ్రాంతి. కాళ్ళకి సాగదీతలు మాత్రమే. షాపులో నిలబడి జిరాక్స్ తియ్యకుండా ఎత్తు స్టూలు. మూడు మెట్ల పక్కన వాలు బల్ల. మర్నాడు పొద్దున లేచేసరికి ఒళ్ళు బరువుగా ఉంటే, నిన్న ఎక్కువ చేసినట్టు లెక్క, తగ్గించుకోవాలి. అన్నిటికన్నా కష్టమైంది ఇంకోటుంది. మళ్ళీ క్యాలిపర్. ఈసారి తేలికైన ప్లాస్టిక్‌ది, ప్యాంటు లోపల కనబడదు, చప్పుడు కాదు. ముందు వద్దన్నాడు. రెండు రోజులు అలిగాడు. మూడో రోజు తొడుక్కుని హాల్లో ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాడు. కుడి చెయ్యి గాల్లో ఊరికే వేలాడుతోంది, దాన్నేం చెయ్యాలో తెలీక జేబులో పెట్టుకున్నాడు. పోయిన బలం పూర్తిగా రాలేదు, రాదని మేడం ముందే చెప్పింది. కుర్చీలోంచి మాత్రం తనంతట తనే లేస్తున్నాడు.

ఊరికి బయల్దేరే ముందు ఆ మొదటి క్లినిక్‌కి తీసుకెళ్ళమన్నాడు. గొడవ పెట్టుకోడానికేమో అనుకుని నేను నా వంతు మాటలు రెడీ చేసుకున్నాను. బాబాయి లోపలికెళ్ళి, మేడం మార్కులేసిన కాయితం జిరాక్స్ కాపీ తీసి ఆ కుర్రాడి చేతిలో పెట్టి, "నాలాంటివాళ్ళు ఇంకా వస్తారు నాయనా, ఉంచుకో" అన్నాడు. కుర్రాడు దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత తలుపు దగ్గరికేసి, "అంకుల్, మీకు టైముంటే ఒకసారి పడుకుంటారా, నేనూ చూస్తాను" అని అడిగాడు. బాబాయి ప్యాంటు మడిచి, క్యాలిపర్ విప్పి బల్లెక్కాడు. ఆ కుర్రాడు కాయితం పక్కన బోర్లా పెట్టేసి, ఒక్కో కండరం నొక్కుతూ తన మార్కులు తను వేసుకున్నాడు. అర్ధగంట పైనే పట్టింది. చివర్లో రెండూ పోల్చి చూస్తే ఎడమ తుంటి దగ్గర ఒక్కటి తేడా వచ్చింది. మేడం 3 వేసింది, ఇతను 4 వేశాడు. "మళ్ళీ ఎత్తండి అంకుల్" అన్నాడు.